కాకికిచ్చిన మాట

మనుషులకిచ్చిన మాట తప్పి చెడిపోయినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. కాకికిచ్చిన మాట నిలబెట్టుకుని చెడిపోయినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అనుకుంటాను. ఈ కథ ముగిసేలోపు నేను ఒక కన్ను మూసుకుని, కాళ్ళీడ్చుకుంటూ, నిలబడి అన్నం తినే స్థితికి వస్తాను. నిలబడి ఎందుకో మీకే తెలుస్తుంది. జాలిపడే అలవాటున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

కొన్నేళ్ళ కిందట, మాఘం వెళ్ళి ఎండలు ముదురుతున్న రోజుల్లో, మా బావ ప్రసాదరావు పోయాడు. రాత్రి అన్నం తిని పడుకున్నాడు, తెల్లారి లేవలేదు. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. ఆయన వేటపాలెంలో ఒక జీడిపప్పు కర్మాగారంలో సూపర్వైజరు. కాపురం చీరాలలో. నేను సత్తెనపల్లిలో ఇంటర్ పిల్లలకి చరిత్ర చెబుతాను. ఎప్పుడో చచ్చిపోయినవాళ్ళ గురించి మాట్లాడటం నా వృత్తి. నిన్న చచ్చిపోయినవాళ్ళ గురించి ఏం మాట్లాడాలో నాకు తెలియదని ఆ పదిరోజుల్లో తేలిపోయింది.

బావకి ఒక పిచ్చి ఉండేది. సుగరు వచ్చిందని డాక్టరు రోజూ నడవమంటే, నడక ముసలివాళ్ళ పని అని, వంకర హ్యాండిలూ సన్నటి టైర్లూ ఉన్న రేసు సైకిలు కొన్నాడు. ప్రతి ఆదివారం తెల్లవారుజామున పసుపుపచ్చ చొక్కా తొడుక్కుని, హెల్మెట్ పెట్టుకుని, సముద్రాన్ని కుడిచేతి పక్కన ఉంచుకుని బాపట్ల దాటి, మడ అడవి మొదలయ్యే చోటు దాకా వెళ్ళేవాడు. అక్కడ అటవీ శాఖవాళ్ళ బోర్డూ, ఒక టీ బడ్డీ, ఆ తర్వాత అంతా బురదా కొంగలూ. పోనురానూ డెబ్భై కిలోమీటర్ల పైచిలుకు. సాయంత్రం ఇంటికి వచ్చి నాకు ఫోను చేసేవాడు.

"ఏరా సూరీ, ఏం చేస్తున్నావు?"

"చదువుకుంటున్నాను బావా."

"చదువుకో. ఎదురుగాలి అంటే ఏంటో నీ పుస్తకాల్లో ఉండదురా. ఇవాళ గాలిని చీల్చుకుంటూ వచ్చా."

ప్రతి ఆదివారం ఇదే మాట. నేను ఊఁ కొట్టేవాణ్ణి. ఆయన గాలిని ఎన్ని ముక్కలుగా చీల్చాడో అప్పట్లో నేను అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

పెద్దకర్మ రోజున కాలవ గట్టు మీద పిండాలు పెట్టాం. విస్తరిలో బావకి ఇష్టమైన మిరపకాయ బజ్జీలు కూడా పెట్టించింది అక్క. అందరం దూరంగా జరిగి నిలబడ్డాం. ఎదురుగా తుమ్మచెట్టు మీద కాకులున్నాయి. మామూలుగా మన పెరట్లో వడియం ఎండబెడితే పది ఊళ్ళకి కబురు పంపే జాతి అది. ఆ రోజు ఒక్కటి కదల్లేదు. మమ్మల్ని చూస్తూ కూర్చున్నాయి.

ఎండ నెత్తికెక్కింది. పురోహితుడు గారి నెత్తి మీద బావ తమ్ముడు వెంకట్రావు నల్లగొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏదో కోరిక మిగిలిపోయిందండి. తీరుస్తామని చెప్పండి," అన్నాడు పురోహితుడు.

వెంకట్రావు గొంతు సవరించుకున్నాడు. "అన్నయ్యా, ఆ ప్రహరీగోడ సంగతి నేను వదిలేశాను. నువ్వు కట్టించిన చోటే ఉండనిస్తా."

కాకులు కదల్లేదు.

"మనస్ఫూర్తిగా అనండి," అన్నాడు పురోహితుడు.

"మనస్ఫూర్తిగానే అంటున్నానండి. మరీ అడిగితే అరడుగు నా వైపు జరిగింది గానీ."

"వెంకట్రావ్," అంది అక్క. వెంకట్రావు గొడుగు సర్దుకున్నాడు.

అక్కని బాగా చూసుకుంటామన్నాం. ఏడాదికోసారి అన్నదానం చేస్తామన్నాం. పక్కింటివాళ్ళు సైతం వచ్చి తమకి చేతనైనవి ఒప్పుకున్నారు. ప్రతి మాటకీ అక్క తలెత్తి చెట్టు వైపు చూస్తోంది. బావ పోయిన దగ్గర్నించి ఆమె కంట చుక్క నీరు రాలేదు. పెట్టింది రెండు మెతుకులు కెలికి లేచిపోతోంది. ఆ కాకులు రాకపోతే ఆమె అక్కడే కూలిపోతుందేమోనని నాకు భయం వేసింది. నిజం చెప్పాలంటే ఆకలి కూడా వేసింది.

అప్పుడు అన్నాను, అనకూడని మాట.

"బావా, నీ సైకిలెక్కి నీ బదులు నేనే మడ అడవి దాకా వెళ్ళి వస్తాను. తిను."

చెట్టు మీంచి ఒక కాకి దిగింది. నేరుగా బజ్జీ మీదే వాలింది. దాని వెనక మిగతావన్నీ దిగాయి. బంధువులంతా నా వైపు తిరిగారు. వెంకట్రావైతే పిల్లనిచ్చిన మామని చూసినట్టు చూశాడు. కాకి అతని మాటకి దిగలేదు కాబట్టి అతని గోడ అతనికి దక్కింది కదా.

పాఠకులకి మాత్రం ఒక చిన్న విషయం చెప్పాలి. నేను ఆ మాట అంటున్నప్పుడే, చెయ్యి నొప్పెట్టి, వెంకట్రావు ఆ నల్లగొడుగు మూశాడు. నేను చరిత్ర చెప్పేవాణ్ణి. ఒక సంఘటనకి ఎన్ని కారణాలుంటాయో రాయమని పిల్లలకి ఐదు మార్కుల ప్రశ్న ఇస్తుంటాను. కానీ గొడుగు గురించి అక్కకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

"చూశావా. ఆయన ప్రాణం ఆ రోడ్డు మీదే తిరుగుతోందిరా," అంది అక్క. "వచ్చే ఆదివారం వెళ్ళిరా. నువ్వు వెళ్ళొచ్చేదాకా నాకు ముద్ద దిగదు."

ఇదీ సంగతి. నేను పదో తరగతి తర్వాత సైకిలెక్కలేదు.

ఆదివారం తెల్లవారుజామున అక్క సైకిలు తుడిచి గుమ్మంలో పెట్టింది. రెండు పొట్లాల పులిహోర కట్టింది. "ఒకటి నీకు. ఇంకోటి ఆయన కూర్చునే టీ బడ్డీ దగ్గర పెట్టు." బావ పసుపు చొక్కా తెచ్చి ఇచ్చింది. అది బావకి సరిపోయేది. నా మీద వరిచేలో దిష్టిబొమ్మకి తొడిగినట్టుంది. ఇక సీటు. దాన్ని సీటు అనడం భాషకి అన్యాయం. అది కూర్చోవడానికి కాదు, తప్పు ఒప్పించడానికి చేసిన వస్తువులా ఉంది.

"ఆయన ఒక్కసారైనా నొప్పని అన్లేదురా," అంది అక్క.

"ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నారు," అన్నాను. ఆ ఇంట్లో కాకి పేరు ఎత్తకుండా ఉండాల్సింది. అక్క చూపు చూసి గబగబా ఎక్కేశాను.

తీరా ఎక్కాక ఆశ్చర్యం. సైకిలు తనంతట తానే పోతోంది. ఆ రోడ్డుకి ఎత్తూ లేదు, పల్లమూ లేదు. చాప పరిచినట్టు ఉంటుంది. ఊరు దాటాను. నేను పెద్దగా తొక్కకుండానే చెట్లు వెనక్కి వెళ్ళిపోతున్నాయి. ఓహో, అనుకున్నాను, నాలో ఇంత బలం ఉందని ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదు. బాపట్ల దాటేసరికి నాకు బావ మీద కొంచెం చిన్నచూపు కూడా కలిగింది. ఇంతోటిదానికా ప్రతి ఆదివారం ఫోన్లు?

ఆ రోజుల్లో దక్షిణం నుంచి పైరగాలి మొదలవుతుంది. నేను ఈశాన్యానికి పోతున్నాను. గాలి వెనకనుంచి నెడుతోంది. ఈ రెండు వాక్యాలూ కలిపి చదివే తెలివి నాకు అప్పుడు లేదు. ఇంట్లో పుస్తకాలున్నాయి గానీ.

దారిలో ఇంకోటి జరిగింది. పొలాల్లో ఉన్నవాళ్ళు దూరం నుంచే పసుపు చొక్కా చూసి చేతులూపారు. ఒకాయన "ఏం సారూ, కనబడటం మానేశారు," అని కేకేశాడు. నేను చెయ్యి ఊపాను. ఆగి చెప్పాలనిపించలేదు. కొంతదూరం పాటు ఆ రోడ్డు మీద మా బావ బతికే ఉన్నాడు.

ఆ తర్వాత మిరపకాయలు. ఒకచోట సగం రోడ్డు కప్పి ఎండబోశారు. మిగిలిన సగంలోకి ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. నేను బ్రేకు వెయ్యకుండా మిరపకాయల్లోకి తిప్పాను. సన్నటి టైరు ఒకవైపు, నేను ఒకవైపు. పడ్డాక మిరపకాయలు మెత్తగానే ఉన్నాయి. అదొక్కటే వాటి గురించి చెప్పగలిగిన మంచి.

కాయలు తిరగేస్తున్న ముసలావిడ వచ్చింది. "కళ్ళు కనపడవా? రోడ్డంతా నీదేనా?"

"సగం మీదేనండి," అన్నాను లేచి.

ఆవిడ చొక్కా వంక చూసి, మొహం వంక చూసింది. "ఈ చొక్కా ఆయనెప్పుడూ దిగి నడిపించుకుని పోయేవాడు. ఒక్క కాయ తొక్కలేదు. నువ్వెవరివి?"

"వాళ్ళ బామ్మర్దినండి."

"ఆయనేడి?"

"పోయారండి. రెండు వారాలైంది."

ఆవిడ చేతిలోని పార కింద పెట్టింది. "అయ్యో. మారాజు. పోయేటప్పుడు పలకరించి పోయేవాడు. వచ్చేటప్పుడు మటుకు ఒక్కనాడూ కనపళ్ళా. ఏ దోవన వచ్చేవాడో ఏమో."

నాకు చెమట పట్టింది. కళ్ళు తుడుచుకున్నాను. మిరపకాయల్లో పడి లేచిన చేత్తో.

బావ పోయాక నేను ఏడవడం అదే మొదటిసారి. కారణం మిరపకాయలే. అలాగే అనుకోండి. ఆవిడ నన్ను గట్టు మీద కూచోబెట్టి, బిందెలో నీళ్ళు మొహాన కొడుతూ, "ఊరుకో నాయనా, ఊరుకో. పోయినోళ్ళు తిరిగొస్తారా," అంటోంది. నేను కారం అండీ అని చెప్పబోయాను. దగ్గు తెర వచ్చింది. ఆవిడ ఇంకా గట్టిగా ఓదార్చింది. కుడికన్ను సగం మూసుకుపోయింది. మిగతా దారి ఎడమకంటితో వెళ్ళాను.

మడ అడవి దగ్గర బోర్డు, టీ బడ్డీ, పాయల మధ్య వేళ్ళ మీద నిలబడిన చెట్లు. బావ చెప్పినట్టే ఉంది. ఒక పొట్లం విప్పి గట్టు మీద పెట్టి, వెనక్కి జరిగి దండం పెట్టుకుందామనుకున్నాను. జరగనివ్వలేదు. ఎక్కణ్ణించో కాకి వచ్చి వాలింది. నేను దాన్నే చూస్తుంటే, ఇంకొకటి సైకిలుకి తగిలించిన నా పొట్లం లాక్కుపోయింది. ఏ హామీ అడగలేదు. ఎవరి గోడ గురించీ ఆలోచించలేదు.

వెనక ఎవరో నవ్వారు. టీ గ్లాసు పట్టుకుని ఒక మనిషి, పక్కన చేపల పెట్టెలతో ఒక ట్రాలీ ఆటో. చొక్కా చూసి నవ్వు ఆపేశాడు.

"మీరు ప్రసాదరావు గారి బామ్మర్ది కదండి, సత్తెనపల్లి మాష్టారు? నేను సుభానీనండి. చీరాల మార్కెట్టుకి చేపలేస్తా. విషయం తెలిసిందండి. ఇంటికి రావాలనుకున్నా, ఏమని చెప్పి రావాలో తోచలా."

టీ ఇప్పించాడు. బన్ను ఇప్పించాడు. తాగాక లేచి, అడక్కుండానే సైకిలు పట్టుకున్నాడు. "ఎక్కండి సార్. ఐసు పెట్టెల మధ్య సైకిలుకి చోటుంది. మీ బావగారి చోటేగా."

"ఆయన చోటేమిటి?"

"అదేనండి, ఎప్పుడూ పెట్టేది."

"అలిసిపోయినప్పుడు ఎక్కేవారా?"

"అలిసిపోవడమేందండి. ప్రతి ఆదివారం నాతోనేగా వచ్చేది. ఈ గాలికి ఎదురు ఎవరు తొక్కుతారండి, మతి ఉన్నోడు? చీరాల రైల్వే గేటు కాడ దిగేవారు. సీసాలో నీళ్ళు మొహమ్మీదా చొక్కా మీదా చల్లుకునేవారు, చెమటలాగా. 'సుభానీ, బాగా చెమట పట్టిందా?' అని అడిగేవారు. 'ఇంకాస్త పట్టాలండి' అనేవాణ్ణి. అక్కణ్ణించి ఇంటిదాకా తొక్కేవారు."

అంటే, గాలిని చీల్చుకుంటూ వచ్చింది ట్రాలీ ఆటో.

సుభానీ పెట్టెల మధ్య ఖాళీ వంక చూశాడు. "ఆ చోట్లో ఇంకో పెట్టె ఎక్కించమన్నాడు మా ఓనరు. ఎక్కించలేదండి. చేతులు రాలా."

ఎక్కి ఉండాల్సింది. బుద్ధి ఉన్నవాడెవడైనా ఎక్కుతాడు. కానీ వెళ్ళి వస్తానన్నాను కాకితో, సైకిలు మీద అన్నాను. ఇంటి దగ్గర అక్క అన్నం తినకుండా కూర్చుంది. బావ చేసినట్టు చెయ్యడానికి నేను బావని కాదు.

"నేను తొక్కుకుంటూ వెళ్తానండి. మాటిచ్చాను."

"ఎవరికండి?"

"కాకికి."

సుభానీ నా మూసుకుపోయిన కంటి వంక చూశాడు. "కాకి వచ్చి అడిగిద్దా సార్?"

"మా అక్క అడుగుతుంది."

"అట్లాగయితే తొక్కండి," అన్నాడు. ఆడతోబుట్టువులు ఉన్నట్టున్నారు ఆయనకి.

తిరిగి వచ్చిన దారి గురించి ఎక్కువ రాయను. ఎత్తూ పల్లమూ లేని రోడ్డు ఎంత దుర్మార్గమైందో అప్పుడు తెలిసింది. కొండయితే ఎక్కాక దిగుడు ఉంటుంది. గాలికి అవతలివైపు లేదు. తొక్కినంతసేపూ గోడని నెడుతున్నట్టే. నేను ఆపితే సైకిలు వెనక్కి పోతుందేమో అనిపించింది. సీటు తన పని తాను చేసింది. నేను ఏ తప్పయినా ఒప్పుకునేవాణ్ణి, అడిగేవాళ్ళు లేకపోయారు. సుభానీ ఆటో నా పక్కన కాసేపు నెమ్మదిగా నడిచింది.

"ఇంకోసారి ఆలోచించుకుంటారా?"

తల అడ్డంగా ఊపాను. మాట్లాడితే ఊపిరి ఖర్చు. ఆటో వెళ్ళిపోయింది, దాని వెనక చేపల వాసన, ఆ వెనక నేను.

మిరపకాయల దగ్గర దిగి నడిపించుకుంటూ వచ్చాను. ముసలావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "గాలికి ఎదురు ఇట్టా వచ్చినోణ్ణి నిన్నే చూశా. మీ బావే నయం."

"అవునండి," అన్నాను. "ఆయన తెలివైనవాడు."

దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాను. అక్క గేటు దగ్గరే ఉంది. నన్ను చూళ్ళేదు. సైకిలు పట్టుకుని, హ్యాండిలు దగ్గర ముక్కు పెట్టింది. తర్వాత సీటు దగ్గర. తర్వాత నా చొక్కా దగ్గర.

"ఎక్కడిదాకా వెళ్ళావురా?"

"మడ అడవి దాకా అక్కా."

"అబద్ధం. వాసనేదీ?"

"ఏం వాసన?"

"చేపల వాసన. ఆయన వెళ్ళొస్తే ఒళ్ళంతా అదే, సైకిలంతా అదే. ఎన్ని ఆదివారాలు కడిగాను నేను. అంతదూరం తొక్కితే సముద్రం గాలి ఒంటికి పట్టేస్తుంది అనేవాడు. నీ ఒంటి మీద మిరపకాయల ఘాటు తప్ప ఏం లేదు. బాపట్లలో ఎక్కడో చెట్టు కింద కూర్చుని వచ్చావు. అవునా?"

నేను అక్కడ నిలబడ్డాను. కూర్చునే పరిస్థితి లేదు. ఒక కన్ను లేదు, కాళ్ళు నావి కావు, గాలికి ఎదురుగా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక్క ముక్క చెబితే చాలు. ఆ ముక్కతో బావ రెండోసారి పోతాడు.

"అవునక్కా," అన్నాను. "బాపట్ల దాకానే. నావల్ల కాలేదు."

అక్క నిట్టూర్చింది. పెదాల చివర ఏదో కదిలింది, ఇన్నాళ్ళలో మొదటిసారి. "నాకు తెలుసు. ఆయనంటే ఆయనే. అది నీ బోటివాడి వల్ల అయ్యే పని కాదురా. వచ్చే ఆదివారం సరిగ్గా వెళ్ళిరా."

ఆ రాత్రి నేను నిలబడి అన్నం తిన్నాను. ఆమె తినలేదు.

మరుసటి ఆదివారం సరిగ్గా వెళ్ళాను. ముందే కబురు పెట్టాను, రైల్వే గేటు దగ్గర సుభానీ ఉన్నాడు. సైకిలు ఆ ఖాళీలో పెట్టాం. వెళ్ళేటప్పుడు ఉత్త పెట్టెలు, వచ్చేటప్పుడు నిండు పెట్టెలు. ఆ చోట్లో, కరిగిన ఐసు నీళ్ళు కాళ్ళ కింద పారుతుంటే, పెట్టెకి ఆనుకుని కూర్చున్నాను. అక్కణ్ణించి వెనక్కి పోయే రోడ్డూ, దూరంగా మడ చెట్లూ కనబడతాయి. ప్రతి ఆదివారం బావ చూసింది ఇదే. గాలి చల్లగా ఉంది. ఎదురుగాలి అంటే ఏంటో నా పుస్తకాల్లో ఉండదన్నాడు. నిజమే.

గేటు దగ్గర దిగాను. సుభానీ సీసా మూత తీసి ఇచ్చాడు. చల్లుకున్నాను.

"బాగా పట్టిందా?" అన్నాను.

అతను సీసా తీసుకుని మూత పెట్టాడు. అటు తిరిగి, "ఇంకాస్త పట్టాలండి," అన్నాడు.

ఇంటి దగ్గర అక్క సైకిలు మీదకి వంగింది. చాలాసేపు లేవలేదు. హ్యాండిలు రెండు చేతులతో పట్టుకుని, దాని మీద తల పెట్టి, ఏడ్చింది. ఇరుగుపొరుగు వచ్చారు. ఆమెని ఆపవద్దని నేను సైగ చేశాను. తర్వాత మొహం కడుక్కుని, ఇద్దరికీ అన్నం వడ్డించి, తను కూడా తింది. సైకిలు మాత్రం ఆ రోజు కడగలేదు. వరండాలో అలాగే ఉంచింది.

"ఇప్పుడు వెళ్ళొచ్చావు," అంది.

అందుచేత, ఈ కథ చదివిన పెద్దలందరి సాక్షిగా, ఇకమీదట ఏ పక్షికీ ఏ మాటా ఇవ్వనని ప్రమాణం చేస్తున్నాను. నా వంతు వచ్చినప్పుడు ఏం చెయ్యాలో మావాళ్ళకి ఇప్పటికే చెప్పి ఉంచాను. కాకి రాకపోతే కంగారు పడవద్దు. నా కోరికలేవో వెతకవద్దు. ఎవరూ ఏదీ ఒప్పుకోవద్దు. ముందు గొడుగు మూయండి.